మూడో మజిలీ నీలి ఈగ

మా ల్యాబులో ముత్యాలక్క అసలు పేరు జీతాల రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని ఎవరో ఒకసారి అన్నారు, అదే పేరై కూర్చుంది. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడట. ఏ గడియారం ఏ తేదీన విప్పాడో మూత లోపల సూదిమొనతో గీసి పెట్టుకునేవాడు. పక్కన కూర్చుని ఆ గీతలు చదివీ చదివీ ఈవిడకి కూడా గోరంత కాగితం మీద నాలుగు వరుసలు రాయడం అలవాటైంది. ఆ విద్యకి లోకంలో ఎక్కడా ఉద్యోగం దొరకదనుకుంటాం. దొరికింది. ఈగల దగ్గర.

నేనక్కడ ఈగలకి సూదులు గుచ్చే పనిలో చేరాను. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే "కాలేజీలో" అని ఊరుకునేదాన్ని. ఇంకో ప్రశ్న వేస్తే వాళ్ళే బాధపడతారు. బస్సులో ఎంత రద్దీ ఉన్నా మా పక్క సీటు ఖాళీగానే ఉండేది. అక్క ఇంటికెళ్తే వాళ్ళ అత్తగారు గుమ్మం దగ్గరే తువ్వాలు పట్టుకుని నిలబడేదట. "ముందు స్నానం, తర్వాతే మాటలు" అని.

పెద్దసారు, అంటే మా ల్యాబుకి పెద్దాయన, కొత్తగా చేరినవాళ్ళకి చెప్పే మొదటి పాఠం ఒకటుంది. మనిషి పోయిన సంగతి చుట్టాలకంటే ముందు ఈగకి తెలుస్తుంది. వచ్చి వాలి గుడ్లు పెడుతుంది, అవి పురుగులవుతాయి. ఆ పురుగు వయసు తేలిస్తే ప్రాణం పోయి ఎన్నాళ్ళయిందో చెప్పొచ్చు. అయితే అన్ని ఈగలూ అన్నిచోట్లా ఉండవు. కొన్ని వేడిని ఇష్టపడతాయి, కొన్ని చలిని. ఎంత ఎత్తులో ఏ ఈగ ఉంటుందో తెలిస్తే, శవం దొరికినచోటే మనిషి పోయాడా, ఎక్కడో పోతే తెచ్చి పడేశారా అన్నది కూడా చెప్పొచ్చు. ఆ లెక్క మా కొండకి ఎవరూ కట్టలేదు. అది కట్టడమే సారు జీవితాశయం.

నది ఒడ్డునున్న మా ఊరి నుంచి కొండ రోడ్డు మెలికలు తిరుగుతూ కనుమ దాకా వెళ్తుంది. ఆ దారిలో సారు ఆరు చోట్లు ఎంచుకున్నారు. వాటిని మజిలీలు అనేవారు. మొదటి మజిలీలో చెమటలు కారితే ఆరో మజిలీలో స్వెట్టరు కావాలి. పదిహేను రోజులకోసారి జీపులో వెళ్ళి, ఎండలో రెండు రోజులు మగ్గిన కార్జం ముక్కలు ఎరగా పెట్టి సీసాల బోనులు చెట్లకి కట్టేవాళ్ళు. మర్నాడు వెళ్ళి పడ్డ ఈగల్ని స్పిరిట్ సీసాల్లోకి ఎత్తేవాళ్ళు. ఏ మజిలీ, ఏ తేదీ, ఎంత ఎత్తు అన్నది అక్క పెన్సిల్‌తో చీటీ మీద రాసి అక్కడికక్కడే సీసా లోపల వేసేది. స్పిరిట్‌లో సిరా కరుగుతుంది, పెన్సిల్ కరగదు. చీటీ లేని ఈగ తల్లిదండ్రులు తెలియని పిల్లలాంటిదని సారు అనేవారు.

జీపు నడిపే ఆయన్ని అందరం డ్రైవరు బాబాయి అనేవాళ్ళం. వానొచ్చినా మంచు కురిసినా అద్దాలు దించే నడిపేవాడు. "కార్జం వాసనకంటే జలుబే నయం" అనేవాడు.

ఇక అసలు సంగతి. ఈ మజిలీల సర్వే మొదలైన ఏడాది, మొదటి వానాకాలం. నేనింకా చేరలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళకి అక్క నోటితోనే విన్నాను. ఆ రోజు సారుకి జ్వరం. అక్కా బాబాయీ ఇద్దరే వెళ్ళారు. వాన దంచి కొడుతోంది. రాయబోతే చీటీ తడిసి పెన్సిల్ మొన దిగబడిపోతోంది. మొదటి మజిలీ నుంచి ఆరో మజిలీ దాకా సీసాల్ని చెక్క స్టాండులో వరసగా పెట్టుకుంది, కిందికెళ్ళాక రాద్దాం అనుకుంది. దిగేటప్పుడు ఒక మలుపులో రోడ్డు మీదికి బండరాయి దొర్లింది. బాబాయి బ్రేకు తొక్కాడు. అక్క ఒళ్ళోని స్టాండు ఎగిరి కింద పడింది. బిరడాలు ఊడలేదు కానీ సీసాలన్నీ సీట్ల కింద తలోదిక్కుకీ దొర్లాయి.

ఏరుకుంది. నాలుగోదాంట్లో ఆకు పడింది, గుర్తుంది. ఆరోది సగమే నిండింది, అదీ గుర్తే. మొదటిది మూత దాకా, రెండోది మెడ దాకా ఈగలతో కిక్కిరిసి ఉన్నాయి. మిగిలినవి రెండు. ఏది మూడోది, ఏది ఐదోది? తడిసిన ఈగలన్నీ నల్లగా ఒకేలా ఉన్నాయి. మూడో మజిలీలో తక్కువ పడ్డట్టు గుర్తొచ్చింది. తక్కువున్నదాన్నే మూడోదిగా పెట్టేసింది. ల్యాబుకొచ్చి, ఆరు చీటీలూ ముత్యాల్లా రాసి సీసాల్లో వేసింది. బాబాయి ఏదో అడగబోతే "నాకు తెలుసులే" అంది.

వారం తర్వాత జ్వరం తగ్గి సారు మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నారు. మూడో సీసాలోంచి ఒక ఈగని తీసి ఆరబెట్టారు. ఒళ్ళంతా నీలం, బుగ్గల మీద నారింజ రంగు వెంట్రుకలు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చలి ప్రదేశాల్లో ఉండే ఈగ అది. అంత కిందికి దిగుతుందని ఎవరూ రాయలేదు. అలాంటివి ఏడు ఉన్నాయి ఆ సీసాలో.

"అమ్మా! చూడమ్మా! ఎనిమిదొందల మీటర్ల ఎత్తులో!" అంటూ సారు చిన్నపిల్లాడిలా అందరికీ ఫోన్లు చేశారు. మిఠాయి పెట్టె తెప్పించారు. బాబాయిని కౌగిలించుకున్నారు, ఆయన బిత్తరపోయి చూశాడు.

అక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఏడు ఈగలూ ఐదో మజిలీవి. తను సీసాలు తారుమారు చేసింది. చెప్దామని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే సారు "ఇదంతా నీ చేతి చలవేనమ్మా" అంటూ మిఠాయి చేతిలో పెట్టారు. ఆ మిఠాయి నోట్లో వేసుకుంది.

ఆ సాయంత్రం మొగుడితో చెప్పుకుంది. ఆయన టెలిఫోను తీగలు బాగుచేసే మనిషి, మంచివాడే. భోంచేస్తూ నవ్వేశాడు.

"ఈగే కదా! కిందుంటే ఏం, పైనుంటే ఏం? ఎవరి కొంప మునిగింది?"

"సారు పత్రికలో రాస్తారట."

"రాసుకోనీ. నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. నోరు మూసుకుని ఊరుకో."

ఊరుకుంది. సారు పత్రికలో రాశారు. మరుసటి ఏడాదే అక్క ఉద్యోగం పర్మినెంటయింది.

నేను చేరేసరికి సారు మూడో మజిలీ దగ్గర రెండు బోనులు అదనంగా కట్టిస్తున్నారు. నీలి ఈగ మళ్ళీ పడలేదు. "ఈసారి చలి తక్కువ", "ఈసారి వాన ఎక్కువ", ప్రతిసారీ ఏదో ఒక కారణం చెప్పుకునేవారు. ఆయన అలా అంటున్నప్పుడల్లా అక్క తలొంచుకుని పెన్సిలు చెక్కుతూ ఉండేది. ఆ రోజుల్లో ఆవిడ పెన్సిళ్ళు ఎందుకంత తొందరగా అరిగిపోతాయో నాకు అర్థమయ్యేది కాదు.

సర్వే మూడో ఏట, వానాకాలం చివర్లో, మూడో మజిలీ దాపున వంతెన కింద ఒక శవం దొరికింది. రాళ్ళు కొట్టే కూలీ. ఐదు రోజులుగా కనిపించడం లేదు. తలకి గాయం. ఆస్పత్రి డాక్టరు శవం మీది పురుగుల్ని, కొన్ని స్పిరిట్‌లోనూ కొన్ని ప్రాణంతోనూ, మా ల్యాబుకి పంపాడు. సారు వాటిని కార్జం ముక్క మీద పెంచారు. అవి రెక్కలొచ్చి బయటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నీలం ఒళ్ళు, నారింజ బుగ్గలు.

పోలీసులు అడిగింది ఒకటే ప్రశ్న. ఈ ఈగ శవం దొరికినచోట ఉంటుందా? ఎందుకంటే, కూలీ పెళ్ళాం చెప్పేది ఇంకోలా ఉంది. ఆ పొద్దున మొగుడు పైన ఐదో మజిలీ పక్కనున్న క్వారీలో పనికెళ్ళాడంది. క్వారీ మేస్త్రీ మాత్రం ఆ రోజసలు పనికే రాలేదన్నాడు. తాగి, నడిచొస్తూ వంతెన మీంచి పడుంటాడన్నాడు.

సారు రిపోర్టు రాయడానికి కూర్చున్నారు. కాసేపు కలం పట్టుకుని ఆగారు. లేచి మా బల్ల దగ్గరికొచ్చారు. నేను ఒక ఈగకి సూది గుచ్చుతున్నాను.

"అమ్మా, మొదటి ఏడాది మూడో మజిలీ సీసా చీటీ నువ్వే కదా రాసింది?"

"అవును సార్."

"అందులో సందేహం ఏం లేదుగా?"

నేను తలెత్తలేదు కానీ, నా పక్కన పెన్సిలు కదలడం ఆగిపోయింది. ఒక్క క్షణం.

"లేదు సార్" అంది అక్క.

ఆయన వెళ్ళి రాసేశారు. ఈ జాతి ఈగ ఆ ఎత్తులో లోగడ దొరికిందనీ, శవాన్ని వేరేచోటి నుంచి తెచ్చారనడానికి ఈగల వైపు నుంచి ఆధారం లేదనీ. పోలీసులు ఫైలు మూసేశారు. తాగి పడ్డాడు, అంతే.

నెల తిరక్కుండా ఒక ఆడమనిషి మా వరండాలోకొచ్చి నిలబడింది. కాళ్ళకి దుమ్ము, చేతిలో గుడ్డసంచి. "ఈగల సారు ఉన్నారా?" అంది. సారు ఊళ్ళో లేరు. ఎవరు మీరంటే, కూలీ పెళ్ళాన్ని అని చెప్పింది. అక్క కుర్చీలోంచి లేచింది, మళ్ళీ కూర్చుంది.

"మా ఆయన తాగి పడ్డాడని చెప్పిన ఈగని ఒక్కసారి చూపిస్తారా అమ్మా?" అందామె. ఎగతాళి కాదు, కోపం కాదు. నిజంగానే చూద్దామని వచ్చింది.

అక్కే చూపించింది. మైక్రోస్కోపు ఎలా పట్టుకోవాలో, ఏ కన్ను మూసుకోవాలో చెప్పింది. ఆమె చాలాసేపు చూసింది.

"మెరుస్తోందే! ఇది పైన ఉండదా?"

"ఉంటుంది. పైనే ఎక్కువ."

"మరి కింద కూడా ఉంటుందన్నారుగా?"

"ఒకసారి దొరికింది."

"ఒక్కసారేనా?"

అక్క ఈగని తీసి పెట్టెలో పెట్టేసింది.  ఆమె సంచి సర్దుకుని, "పెద్ద చదువులవాళ్ళు, మీకు తెలియదా ఏంటి?" అనుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ పూట అక్క తలనొప్పని సెలవు పెట్టి వెళ్ళింది. నేను నిజంగానే తలనొప్పనుకున్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. చెప్పడానికి ఏమంత గొప్పగా గడవలేదు. అక్క కూతురు కాలేజీకొచ్చింది. అత్తగారు పోయింది. సర్వే పూర్తయింది, సారు పుస్తకం అచ్చయింది. అందులో మూడో మజిలీ నీలి ఈగకి ఒక పేజీ కేటాయించారు. అక్క ఆ పుస్తకం తీసుకుంది కానీ ఇంటికి పట్టుకెళ్ళలేదు. ల్యాబు బీరువాలోనే ఉంచింది.

సారు రిటైరైన రోజు చిన్న సభ పెట్టాం. దండలూ పొగడ్తలూ అయ్యాక ఆయన మైకు పట్టుకుని, "నాకు ఒక్కటే వెలితి. ఆ నీలి ఈగ మూడో మజిలీలో మళ్ళీ కనిపించలేదు. ఇకనుంచి జీతం లేదు కాబట్టి సొంతంగా వెళ్ళి వెతుక్కుంటాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన అక్క చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

అన్నట్టే చేశారాయన. మోకాళ్ళు అరిగిపోయాయి, అయినా నెలకోసారి బస్సెక్కి మూడో మజిలీ దగ్గర దిగి, చేతికర్ర పట్టుకుని వాలు దిగి బోను కట్టేవారు. ఒకసారి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆ కబురు తెచ్చింది బాబాయి. "ఆ ముసలాయనకి ఆ ఈగ పిచ్చేంటో! ఈసారి పడితే లేవడు" అన్నాడు.  తర్వాతి నెల అక్క కూడా సారుతో బస్సెక్కింది, "బోను నేను కడతాను సార్, మీరు పైన కూర్చోండి" అంటూ.

వాలు దిగింది, బోను కట్టింది. పైకొచ్చేసరికి సారు రోడ్డు పిట్టగోడ మీద కూర్చుని ఉన్నారు. అక్క ఎదురుగా నిలబడింది.

"సార్, ఇక్కడ ఆ ఈగ పడదు."

"ఏమమ్మా?"

"ఎప్పుడూ పడలేదు సార్. ఆ సీసా ఇక్కడిది కాదు. ఐదో మజిలీది. స్టాండు పడిపోయింది, నేను తారుమారు చేశాను."

 రెండు లారీలు వెళ్ళాయి. తర్వాత సారు అడిగారట.

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు మిఠాయి పంచిన రోజే."

"నేను అడిగాను కదమ్మా. ఆ శవం వచ్చినప్పుడు, బల్ల దగ్గరికొచ్చి మరీ అడిగాను."

"అడిగారు సార్."

ఇంకేమన్నా అంటారేమోనని అక్క ఎదురుచూసింది. తిడతారేమో, కర్ర విసిరేస్తారేమో అనుకుంది.  బస్సు వచ్చాక, ఎక్కడానికి అక్క చెయ్యి అందిస్తే, "ఫరవాలేదండీ, నేనెక్కగలను" అన్నారు. అన్నేళ్ళుగా "అమ్మా, నువ్వు" అన్న మనిషి. "తిట్టినా బాగుండేది" అంది అక్క నాతో. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఆవిణ్ణి 'మీరు' అనే పిలిచారు.

మర్నాడే ఆయన ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. పత్రికకి ఒకటి, తన రికార్డు తప్పని. పోలీసులకి ఒకటి, ఆస్పత్రికి ఒకటి. ఎక్కడా అక్క పేరు రాయలేదు. "ఒక్క సీసాని నమ్మి అంత మాట రాయడం నా తప్పు" అని రాశారు. పోలీసులు ఫైలు వెతికి తీశారు. అప్పటికి క్వారీ మూతపడి మూడేళ్ళు. మేస్త్రీ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. పేలుడు పనిలో ఆ రోజు ప్రమాదం జరిగిందా, చచ్చిన మనిషిని లారీలో వేసి కిందికి తెచ్చారా అని చెప్పడానికి మిగిలినవాళ్ళు లేరు. చివరికి ఒక కాగితం వచ్చింది. మరణించిన చోటు నిర్ధారించలేమని. 'తాగి పడ్డాడు' అన్న మాట కొట్టేశారు, దాని బదులు ఏమీ రాయలేదు.

ఏడాదిన్నరకి సారు పోయారు. అక్క వెళ్ళింది, గేటు దగ్గరే నిలబడి వచ్చేసింది. ఆ తర్వాతే కూలీ పెళ్ళాన్ని వెతకడం మొదలుపెట్టింది. నన్ను తోడు రమ్మంది. అప్పుడే బస్సులో మొత్తం కథ చెప్పింది. పక్కపక్క బల్లల దగ్గర అన్నేళ్ళు కూర్చున్నాను, ఆవిడ కడుపులో ఇంత ఉందని నాకు తెలియలేదు.

కూలీ పెళ్ళాం ఒక పెద్ద లాడ్జీ వెనక దుప్పట్లు ఉతుకుతోంది. చుట్టూ వేడినీళ్ళ ఆవిరి. అక్క తనెవరో చెప్పింది. సీసాల సంగతి చెప్పింది, సారు అడిగిన ప్రశ్న, తనిచ్చిన జవాబు, ఏదీ దాచుకోకుండా చెప్పింది. ఆమె వింటూనే దుప్పటి పిండుతోంది. రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ లేకపోతే నేను పట్టుకున్నాను.

"ఇప్పుడు చెప్తే నేనేం చేసుకోవాలి?" అంది చివరికి.

అక్క కిందికి జారిన దుప్పటి అంచు పైకెత్తి పట్టుకుంది.

"పనికే వెళ్ళాడని అందరికీ చెప్పాను. పొద్దున నేనే కదా అన్నం కట్టిచ్చింది! ఎవరూ నమ్మలేదు. మొదట పోలీసులు నమ్మలేదు, తర్వాత మా అన్న. చివరికి నాకే అనుమానమొచ్చింది. అన్నం పట్టుకుని ఎక్కడికెళ్ళి తాగాడో అని... ఆరేళ్ళు తిట్టుకున్నానమ్మా ఆయన్ని. పోయినవాణ్ణి రోజూ తిట్టుకున్నాను. మీ నాన్న తాగుబోతని నా కూతురికి నేనే చెప్పాను." దుప్పటి తీగ మీద పడేసింది. "నాకు కాదు. రా, దానికి చెప్పు."

ఇల్లంటే ఒకే గది. కూతురికి పదిహేడేళ్ళుంటాయి, కుట్టుమిషను ముందు కూర్చుని చొక్కాకి కాలరు వేస్తోంది. అక్క మళ్ళీ మొదటినుంచి చెప్పింది.  పిల్ల మిషను ఆపి వింది.

"అయితే నాన్న ఆ రోజు తాగలేదా?"

అవును, తాగలేదు అనేస్తే ఆ పిల్లకి ఎంత ఊరటో! నేనైతే అనేసేదాన్ని.

"అది ఈగ చెప్పదమ్మా" అంది అక్క. "మీ నాన్న పోయింది మాత్రం ఆ వంతెన దగ్గర కాదు, పైన చలి ఉన్నచోట. అంతే చెప్తుంది. అంతకుమించి చెప్తే నేను మళ్ళీ అబద్ధమాడినట్టవుతుంది."

"మీరు అప్పుడే చెప్పుంటే పోలీసులు క్వారీకి వెళ్ళేవాళ్ళా?"

"వెళ్ళేవాళ్ళు."

"అప్పుడు క్వారీవాళ్ళ దగ్గర పరిహారం వచ్చి, అమ్మ అక్కడ దుప్పట్లు ఉతికేది కాదా?"

"ఏమో. బహుశా ఉతికేది కాదు."

పిల్ల కాలరు దారం తెంపింది. "నాన్న ఫొటో అమ్మ గోడకి తగిలిస్తే నేనే తీయించేశాను" అంది, తల్లి వైపు చూడకుండా. తర్వాత, "నాకు ఇవాళ ఇంకా ఆరు చొక్కాలు ఇవ్వాలి" అని మిషను తిప్పడం మొదలుపెట్టింది.

మమ్మల్ని బస్టాపు దాకా తల్లే దిగబెట్టింది. ఎందుకు వచ్చిందో తెలియదు. బస్సు కనిపించాక అక్క చెయ్యి పట్టుకోబోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అలాగని పట్టుకోనూ లేదు.

"చెప్పావు, సరే" అంది. "మళ్ళీ మాత్రం రాకమ్మా. నిన్ను చూస్తే నాకు ఆ ఆరేళ్ళే గుర్తొస్తాయి."

అక్క తలూపింది. బస్సెక్కాం. అది బయల్దేరేలోపే ఆమె వీధి మలుపు తిరిగి పనికి వెళ్ళిపోయింది. అక్క మళ్ళీ ఆ వీధికి వెళ్ళలేదు, ఆమె కోరిందని.